అక్షరాలకు సొంతిల్లు

బ్లాగు మొదలుపెట్టడానికి పది నిమిషాలు చాలు. దాన్ని పదేళ్లు నిలబెట్టడమే అసలు పని. పేరు, తాళం, నకలు, చట్టం, డబ్బు... వీటిలో ఏ ఒక్కదాన్ని అశ్రద్ధ చేసినా రాసిందంతా ఒక్క పూటలో చేజారుతుంది.

2006 జూలై మధ్యలో దేశంలోని చాలామంది బ్లాగర్లు ఎప్పటిలాగే తమ పేజీ తెరవబోతే తెర తెల్లగా కనిపించింది. అంతకు కొద్దిరోజుల ముందు, జూలై 11న ముంబయి లోకల్ రైళ్లలో బాంబులు పేలాయి. ఆ వెంటనే కేంద్ర టెలికాం శాఖ ఇరవైలోపు వెబ్ చిరునామాల జాబితా ఇచ్చి, వాటిని నిలిపివేయాలని ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలను ఆదేశించింది. ఒక్కో పేజీని విడిగా ఆపడం చేతకాని కంపెనీలు బ్లాగ్‌స్పాట్, టైప్‌ప్యాడ్, జియోసిటీస్‌లను మొత్తంగా మూసేశాయి. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టయింది. వంటల పేజీలు, కవితలు, క్రికెట్ కబుర్లు, పిల్లల ఫొటోలు అన్నీ కలిసి మాయమయ్యాయి.

అప్పుడు భారతీయ బ్లాగర్లకు దారి చూపింది పాకిస్థానీలు. అదే ఏడాది మొదట్లో డానిష్ కార్టూన్ల వివాదంలో పాకిస్థాన్ కూడా బ్లాగ్‌స్పాట్‌ను మూసేసింది. ఆ అడ్డుగోడను దాటడానికి అక్కడివారు 'పీకేబ్లాగ్స్' అనే దొడ్డిదారి తయారుచేసుకున్నారు. జూలైలో భారతీయులు కూడా అదే దారిలో తమ ఇళ్లకు చేరుకున్నారు. వారం తిరిగేలోపు చాలావరకు ఆంక్షలు తొలగాయి. కానీ ఆ వారం నేర్పిన పాఠం మాత్రం పాతబడలేదు. తన రాతలు ఎవరి స్థలంలో ఉన్నాయో, ఆ స్థలం తలుపు ఎవరి చేతిలో ఉందో రాసేవాడికి తెలిసి ఉండాలి.

అప్పటినుంచి మూతబడిన వాటి జాబితా చిన్నదేమీ కాదు. జియోసిటీస్ 2009లో, గూగుల్ రీడర్ 2013లో, ఆర్కుట్ 2014లో, గూగుల్ ప్లస్ 2019లో, యాహూ గ్రూపులు 2020 డిసెంబరులో సెలవు తీసుకున్నాయి. తెలుగు సాహిత్య చర్చలకు చాలాకాలం వేదికగా నిలిచిన రచ్చబండ నడిచింది యాహూ గ్రూపుల్లోనే. 2020 జూన్ 29న కేంద్రం 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్‌లో పేరు తెచ్చుకున్న పల్లెటూరి కళాకారులు తెల్లారేసరికి ప్రేక్షకులను పోగొట్టుకున్నారు. వారిలో ఎవరి తప్పూ లేదు. ఉన్నది అద్దె ఇల్లు. యజమాని ఖాళీ చేయమన్నాడు, లేదా సర్కారు ఇంటికే తాళం వేసింది.

పేరు, చిరునామా

అందుకే మొదటి జాగ్రత్త సొంత డొమైన్. డాట్ ఇన్ పేర్లను 2005 ఫిబ్రవరిలో అందరికీ అందుబాటులోకి తెచ్చారు. ఇప్పుడు ఏడాదికి వెయ్యి రూపాయలకు అటూఇటూగా ఒక పేరు సొంతమవుతుంది. సొంత పేరు కొన్నంత మాత్రాన సర్వర్లు, సాంకేతిక బాధ్యతలు నెత్తికెత్తుకోవాల్సిన పని లేదు. బ్లాగర్ లాంటి ఉచిత సేవలోనే ఉంటూ సొంత పేరును దానికి తగిలించుకోవచ్చు. పాత చిరునామాకు వచ్చే పాఠకుడిని అదే కొత్త చిరునామాకు పంపిస్తుంది. రేపు ఆ సేవ నచ్చకపోయినా, మూతబడినా సామాను మరోచోటికి మార్చుకోవచ్చు. వీధి పేరు, ఇంటి నంబరు మారవు.

అయితే కొనడంతో పని అయిపోదు. డొమైన్ ఎవరి ఈమెయిల్ మీద నమోదైందన్నది ముఖ్యం. సైట్ తయారుచేసి ఇచ్చిన కుర్రాడి ఈమెయిల్ మీద నమోదైతే అతను ఊరు మారిన రోజున చిక్కు మొదలవుతుంది. ఆస్తి పత్రం ఎవరి పేర ఉంటే ఇల్లు వారిది. అలాగే గడువు. ఏటా డబ్బు కట్టడం మరిచిపోతే కొన్నాళ్ల తర్వాత ఆ పేరు మళ్లీ అంగట్లోకి వస్తుంది. దశాబ్దం పాటు కవిత్వం అచ్చయిన చిరునామాలో జూదం ప్రకటనలు దర్శనమివ్వడం వెబ్‌లో వింతేమీ కాదు.

ఇది చిన్నవాళ్ల మరుపు మాత్రమే అనుకోనక్కర్లేదు. 2012లో గూగుల్ భారతీయ పాఠకులను బ్లాగ్‌స్పాట్ డాట్ కామ్ నుంచి బ్లాగ్‌స్పాట్ డాట్ ఇన్‌కు మళ్లించడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో జనం పంచుకున్న లింకులన్నీ డాట్ ఇన్‌తోనే ఉండేవి. 2020లో ఆ డాట్ ఇన్ పేరే గూగుల్ చేజారి వేరొకరి పాలయింది. బ్లాగులు ఎక్కడికీ పోలేదు. కానీ వ్యాసాల్లో, పాత మెయిళ్లలో, ఇతర పేజీల్లో ఉన్న లెక్కలేనన్ని లింకులు ఎందుకూ కొరగాకుండా పోయాయి. అంత పెద్ద కంపెనీకే ఆ గతి పట్టినప్పుడు మామూలు బ్లాగరు క్యాలెండర్‌లో ఆ తేదీ చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసుకోవడం అతి జాగ్రత్త అనిపించుకోదు.

తాళం చెవులు

బ్లాగులు పోయేది ఎక్కువగా ప్రభుత్వ ఆంక్షల వల్ల కాదు, పాస్‌వర్డ్ వల్ల. ఒకే పాస్‌వర్డ్‌ను మెయిల్‌కు, బ్లాగుకు, ఫేస్‌బుక్‌కు వాడటం ఇంటికి, బీరువాకు, లాకరుకు ఒకే తాళం చెవి చేయించుకోవడం లాంటిది. వీటన్నిటికీ మూలం మెయిల్ ఖాతా. దాన్ని పట్టుకున్నవాడు మిగతావాటి పాస్‌వర్డ్‌లు మార్చేయగలడు. కాబట్టి రెండంచెల భద్రత మొదట పెట్టుకోవలసింది అక్కడే.

రెండో అంచెగా ఫోన్‌కు వచ్చే ఓటీపీ మీదే ఆధారపడటంలో ఒక తిరకాసు ఉంది. రీఛార్జి చేయకుండా, వాడకుండా నెలల తరబడి వదిలేసిన ప్రీపెయిడ్ నంబరును కంపెనీలు రద్దుచేసి మరొకరికి ఇచ్చేస్తాయి. పదేళ్ల కిందటి నంబరు మీద తెరిచిన ఖాతా ఇప్పుడు ఏ అపరిచితుడి ఫోన్‌కు ఓటీపీ పంపుతోందో చూసుకోవాలి. ఆథెంటికేటర్ యాప్ వాడటం, ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను కాగితం మీద రాసి పాస్‌పోర్టు పక్కన పెట్టుకోవడం మేలు.

మోసగాళ్ల కొత్త ఎర 'కాపీరైట్ ఉల్లంఘన' నోటీసు. 'మీ పేజీ 24 గంటల్లో తొలగిస్తాం, అభ్యంతరం ఉంటే ఇక్కడ నొక్కండి' అని వస్తుంది. కంగారులో నొక్కితే అసలు పేజీని పోలిన నకిలీ పేజీ తెరుచుకుంటుంది. అక్కడ కొట్టిన పాస్‌వర్డ్ నేరుగా దొంగ చేతికి పోతుంది. నోటీసు నిజమైతే అది ఖాతాలోకి మామూలు దారిన వెళ్లినా కనిపిస్తుంది. మెయిల్‌లోని లింకుతో పని లేదు. డబ్బు పోయినా, ఖాతా పోయినా సైబర్ నేరాల సహాయ నంబరు 1930.

నకలు దాచుకున్నవాడిదే నాణ్యం

గూగుల్ 2011లో టేకవుట్ అనే సదుపాయం పెట్టింది. బ్లాగులోని పోస్టులను, వ్యాఖ్యలను కట్టకట్టి కంప్యూటర్‌లోకి దించుకోవచ్చు. వర్డ్‌ప్రెస్‌లోనూ ఎగుమతి సదుపాయం ఉంది. అయినా ఏళ్ల తరబడి రాసేవారిలో కూడా దాని గడప తొక్కనివారు చాలామంది ఉన్నారు. మూడు నెలలకోసారి ఒక నకలు తీసి, ఒకటి ఇంట్లో హార్డ్ డిస్క్‌లో, ఒకటి మరోచోట పెట్టుకోవాలి. ఫొటోల విషయంలో మరింత జాగ్రత్త కావాలి. వర్డ్‌ప్రెస్ లాంటి చోట్ల ఎగుమతి ఫైలులో వచ్చేవి పోస్టులే. ఫొటోల అసలు ఫైళ్లు అందులో ఉండవు, వాటి లింకులే ఉంటాయి. లింకు చచ్చిపోతే ఫొటో ఉన్నచోట ఖాళీ గడి మిగులుతుంది.

అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ నడిపే వేబ్యాక్ మెషీన్ 2001 నుంచి జనానికి అందుబాటులో ఉంది. ఏ పేజీ చిరునామా ఇచ్చినా అది ఒక ప్రతిని భద్రపరుస్తుంది. ముఖ్యమైన పోస్టు రాసిన ప్రతిసారీ ఆ చిరునామాను అక్కడ ఇవ్వడం రెండు నిమిషాల పని. దీని అవసరం మన దగ్గర ఇంకా ఎక్కువ. అచ్చు పుస్తకం వేసిన ప్రతి ప్రచురణకర్తా ఒక ప్రతిని కోల్‌కతాలోని నేషనల్ లైబ్రరీకి పంపాలని 1954 నాటి చట్టం చెబుతోంది. ఆ చట్టం మాట్లాడేది అచ్చు కాగితం గురించి. వెబ్‌లో తెలుగువారు రెండు దశాబ్దాలుగా రాసుకున్నదాన్ని ఏరి దాచే బాధ్యతను ఆ చట్టం ఎవరి మీదా పెట్టలేదు.

తెలుగు దారిలో గుంతలు

తెలుగులో రాసేవారికి మరికొన్ని ప్రత్యేక చిక్కులున్నాయి. ఒకప్పుడు తెలుగు పత్రికలు ఎవరి ఫాంటు వారు వాడేవి. పేజీ చదవాలంటే ముందు ఆ ఫాంటును దించుకోవాలి. యూనికోడ్ వ్యాపించడం, 2006 ప్రాంతంలో లేఖిని లాంటి ఉపకరణాలు రావడంతో మామూలు కంప్యూటర్‌లో ఎవరైనా తెలుగు రాసే వీలు కలిగింది. తెలుగు బ్లాగులు గుంపుగా పుట్టింది అప్పుడే. ఈ రోజుకీ డీటీపీ కేంద్రాల్లో అను లాంటి పాత పద్ధతి ఫాంట్లు నడుస్తున్నాయి. వాటిలో కొట్టిన వ్యాసాన్ని యథాతథంగా వెబ్‌లో అతికిస్తే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస కనిపిస్తుంది. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాకే పెట్టాలి. మార్చాక ఒత్తులు, సున్నాలు ఒకసారి కంటితో సరిచూసుకోవాలి.

ఇంతకంటే పెద్ద పొరపాటు వ్యాసాన్ని బొమ్మగా మార్చి పెట్టడం. చూడటానికి అందంగా ఉంటుంది. కానీ సెర్చ్ ఇంజన్‌కు అది చాలావరకు ఒక ఫొటో మాత్రమే. చూపులేని పాఠకుడి కోసం తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ దాని ముందు మూగబోతుంది. అందమే కావాలంటే మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి.

మూడోది లింకు సంగతి. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే బ్లాగర్ దానికి 'బ్లాగ్-పోస్ట్' అనే పేరు, పక్కన ఒక అంకె తగిలించి ఊరుకుంటుంది. వర్డ్‌ప్రెస్‌లో తెలుగు అక్షరాలతోనే లింకు తయారవుతుంది గానీ, వాట్సాప్‌లో పంపేసరికి అది శాతం గుర్తులు, అంకెలు కలిసిన బారెడు తోకగా మారుతుంది. దాన్ని చూసి వైరస్ అనుకుని నొక్కనివారూ ఉన్నారు. ప్రచురించే ముందే సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ఇంగ్లీషు అక్షరాల్లో రెండు మూడు మాటలతో పొట్టి లింకు రాసుకోవాలి. ప్రచురించాక మారిస్తే అప్పటికే పంచుకున్న లింకులు తెగిపోతాయి.

వెతికేవారి అలవాటు కూడా గుర్తుంచుకోవాలి. గుత్తివంకాయ కూర కావలసినవారు తెలుగు లిపిలోనే కొడతారన్న హామీ లేదు. చాలామంది తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు. పోస్టు వివరణలో ఆ రూపాన్ని ఒకసారి ఇస్తే ఇద్దరికీ దారి దొరుకుతుంది. పదిసార్లు ఇస్తే మాత్రం పాఠకుడికి విసుగు, సెర్చ్ ఇంజన్‌కు అనుమానం.

పాఠకుడు ఏ దారిన వస్తాడు?

తొలి రోజుల్లో కూడలి, జల్లెడ, హారం లాంటి సంకలినులు కొత్త పోస్టులన్నిటినీ ఒకచోట చూపేవి. ఉదయం కాఫీ గ్లాసుతో అక్కడ కూర్చుంటే ఊరి కబుర్లన్నీ తెలిసినట్టుండేది. కాలక్రమంలో అవి కనుమరుగయ్యాయి. పాఠకులు ఫేస్‌బుక్‌కు, వాట్సాప్‌కు, యూట్యూబ్‌కు తరలిపోయారు. పాఠకులు ఉన్నచోటికి వెళ్లక తప్పదు. కానీ వెళ్లే పద్ధతి ఒకటుంది. అసలు రాత ముందు సొంత ఇంట్లో ఉండాలి, అక్కడినుంచి నాలుగు వాక్యాలు, ఒక లింకు సంతలోకి పంపాలి. సంతలోనే కాపురం పెడితే సంత ఎత్తేసిన రోజున సామానుతో రోడ్డున పడాల్సి వస్తుంది.

వాట్సాప్‌లో తిరిగే తెలుగు రచనల్లో చాలావాటికి తండ్రి పేరు ఉండదు. ఎవరో రాసింది 'సేకరణ' అన్న ముద్రతో ఊరంతా తిరిగి, చివరికి రాసినవాడి ఫోన్‌కే వస్తుంది. దీనికి పూర్తి మందు లేదు గానీ, ప్రతి పోస్టు చివరి పేరాలోనే పేరు, చిరునామా ఒక వాక్యంగా కలిపి రాస్తే కొంతవరకు నిలుస్తుంది. పక్కన విడిగా పెట్టిన పేరు కత్తిరింపులో పోతుంది. వాక్యంలో కలిసిపోయిన పేరు మిగిలే అవకాశం ఎక్కువ.

మెయిల్ చిరునామాల జాబితా పాతకాలపు పద్ధతిలా కనిపిస్తుంది. కానీ ఏ కంపెనీ లెక్కలు మారినా చెక్కుచెదరనిది అదే. ఇష్టపడి చిరునామా ఇచ్చిన 200 మంది, దారిన పోతూ లైకు కొట్టిన 20,000 మంది కంటే నమ్మకమైనవారు. అడగకుండా ఎవరినీ ఆ జాబితాలో చేర్చకూడదు. వద్దన్నవారిని వెంటనే తీసేయాలి. ఆరెస్సెస్ అనే ఫీడు సదుపాయం కూడా ఇంకా బతికే ఉంది. దాన్ని మూసేయకుండా ఉంచితే చాలు.

2024 నుంచి మరో మార్పు వచ్చింది. ప్రశ్న అడగ్గానే సెర్చ్ ఇంజనే కృత్రిమ మేధతో జవాబు తయారుచేసి పైన చూపిస్తోంది. కిందికి దిగి లింకు నొక్కేవారు తగ్గుతారన్న భయం బ్లాగర్లలో ఉంది. అదే ఏడాది మార్చిలో గూగుల్, ర్యాంకుల కోసం యంత్రాలతో గుట్టలుగా పుట్టించే పేజీలను కిందికి తోసేస్తామని కొత్త నిబంధనలు ప్రకటించింది. రెండూ కలిపి చూస్తే బ్లాగరుకు అందే సూచన ఒక్కటే. ఎక్కడైనా దొరికే సమాచారాన్ని మళ్లీ వండితే లాభం లేదు. గోదావరి వరదలో మునిగిన వీధి గురించి అక్కడ ఉన్నవారు రాయగలిగింది, మగ్గం మీద కూర్చున్నవారు నేత గురించి చెప్పగలిగింది యంత్రం సొంతంగా పుట్టించలేదు.

చట్టం చేయి ఎంత పొడుగు?

సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ ఒకప్పుడు రాసేవారి మెడ మీద కత్తి. 2012 నవంబరులో బాల్ ఠాక్రే మరణం తర్వాత ముంబయి బంద్‌ను ప్రశ్నిస్తూ ఫేస్‌బుక్‌లో రాసినందుకు ఒక యువతిని, దాన్ని లైకు చేసినందుకు ఆమె స్నేహితురాలిని పాల్ఘర్‌లో అరెస్టు చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది. దాంతో ఇక ఏమైనా రాయవచ్చని అనుకుంటే పొరపాటు. అదే తీర్పు వెబ్ పేజీలను నిలిపివేసే అధికారమిచ్చే 69ఎ సెక్షన్‌ను నిలబెట్టింది. పరువునష్టం నేరంగానే కొనసాగుతోంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 356వ సెక్షన్. రెండేళ్ల వరకు జైలు పడవచ్చు.

2005లో ఒక ప్రైవేటు మేనేజ్‌మెంట్ విద్యాసంస్థ ప్రచారాన్ని ప్రశ్నించిన పత్రికా కథనాన్ని ఒక యువకుడు తన బ్లాగులో ప్రస్తావించాడు. లీగల్ నోటీసు వచ్చింది. తాను పనిచేస్తున్న కంపెనీని ఇబ్బంది పెట్టకూడదని అతను ఉద్యోగానికి రాజీనామా చేశాడు గానీ రాసింది తొలగించలేదు. అంత తెగువ అందరికీ ఉండదు, ఉండాలనీ లేదు. కానీ నోటీసు రాకముందే చేసుకోగల పనులున్నాయి. విమర్శకు ఆధారమైన కాగితాలు, తెరపట్టులు తేదీలతో దాచుకోవాలి. అభిప్రాయాన్ని అభిప్రాయంగా, సమాచారాన్ని సమాచారంగా విడివిడిగా రాయాలి. తప్పు దొర్లితే గుట్టుగా చెరిపేయకుండా, సవరణ అని తేదీ వేసి సరిదిద్దాలి. ఆఫీసు మెయిల్‌ను, ఆఫీసు కంప్యూటర్‌ను బ్లాగుకు వాడకూడదు. నోటీసు వస్తే ఆవేశంలో జవాబు రాయకుండా న్యాయవాదికి చూపించాలి.

వ్యాఖ్యల గురించీ ఆలోచించాలి. తాను ప్రారంభించిన ఆర్కుట్ బృందంలో ఇతరులు రాసిన మాటల కారణంగా కేసులో ఇరుక్కున్న కేరళ విద్యార్థికి 2009లో సుప్రీంకోర్టులో ఊరట దొరకలేదు. వ్యాఖ్యలను చూసి వదిలే పద్ధతి పెట్టుకోవడం మేలు. చూసే తీరిక లేకపోతే పాత పోస్టుల కింద వ్యాఖ్యలు మూసేయవచ్చు. లైంగిక దాడి బాధితుల పేరు, ఊరు, ఫొటో వంటి గుర్తుపట్టే వివరాలు బయటపెట్టడం నేరం. సానుభూతితో పెట్టినా నేరమే.

కాపీరైట్ మరో మందుపాతర. భారత చట్టం ప్రకారం రచయిత మరణించిన తర్వాతి ఏడాది మొదలు 60 ఏళ్లపాటు హక్కులు వారసులవి. 1915లో మరణించిన గురజాడ రచనలను ఎవరైనా పెట్టుకోవచ్చు. 1979లో మరణించిన చలం రచనలకు 2039 చివరిదాకా, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరిదాకా రక్షణ ఉంది. విమర్శ కోసం కొంత భాగం ఉటంకించడానికి చట్టం వీలిస్తుంది. పుస్తకం మొత్తాన్ని స్కాన్ చేసి పెట్టి 'సాహిత్య సేవ' అంటే చెల్లదు. గూగుల్‌లో కనిపించిన ఫొటో గూగుల్‌ది కాదు, తీసినవాడిది. ఇదే చట్టం బ్లాగరుకూ అండ. రాసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, నమోదు తప్పనిసరి కాదు. ఎవరైనా ఎత్తుకుపోతే ముందు మర్యాదగా ఒక మెయిల్, వినకపోతే ఆ పేజీని నిలిపిన కంపెనీకి ఫిర్యాదు.

డబ్బు దగ్గర దాపరికం వద్దు

తెలుగు పేజీలకు గూగుల్ యాడ్‌సెన్స్ ప్రకటనలు 2018 నుంచి వస్తున్నాయి. లెక్కలో 100 డాలర్లు పోగయ్యాకే డబ్బు చేతికి వస్తుంది. చిన్న బ్లాగుకు ఆ మొత్తం చేరడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. దీన్ని నమ్ముకుని ఉద్యోగం మానేయడం తెలివైన పని కాదు. బ్లాగు ద్వారా వచ్చిన పేరుతో దొరికే అనువాదం, పాఠాలు, పుస్తకాల లాంటి పనులు దీనికంటే మెరుగైన ఆదాయమార్గాలు కావచ్చు.

కంపెనీలు ఉచితంగా ఇచ్చే ఫోన్లు, హోటల్ బసలు వస్తే మాత్రం నిబంధనలు తెలియాలి. ప్రకటనల రంగపు స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేశాయి. డబ్బు తీసుకున్నా, వస్తువు తీసుకున్నా ఆ సంగతి పాఠకుడికి తేటగా, మెచ్చుకోలు ఏ భాషలో ఉందో ఆ భాషలోనే చెప్పాలి. తెలుగు సమీక్ష చివర ఎక్కడో హ్యాష్‌ట్యాగుల గుంపులో ఒక ఇంగ్లీషు ముక్క ఇరికిస్తే సరిపోదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా ఉంది. ఏడాదిలో రూ.20,000 దాటిన ఉచితాలపై 10 శాతం పన్ను మినహాయించే నిబంధన 2022 జూలైలో వచ్చింది. సమీక్ష అయ్యాక వస్తువును తిప్పి పంపేస్తే అది లెక్కలోకి రాదు.

మారుపేరు వెనుక మనిషి

2015 ఫిబ్రవరి 26న ఢాకా పుస్తకాల పండుగ నుంచి బయటికి వస్తున్న అవిజిత్ రాయ్‌ని నడిరోడ్డు మీద నరికి చంపారు. ఆయన హేతువాద వేదిక ముక్తమన స్థాపకుడు. ఆ ఏడాదే బంగ్లాదేశ్‌లో మరికొందరు బ్లాగర్లు అలాగే హతమయ్యారు. అవిజిత్ కేసులో 2021లో అయిదుగురికి మరణశిక్ష పడింది. కులం, మతం, ఇసుక దందా, స్థానిక నేతల అవినీతి... ఇలాంటివి రాసేవారికి ఉపఖండంలో ఎక్కడైనా ప్రమాదం ఉంది. మహిళలకైతే వంటలు రాసినా వేధింపులు తప్పవు.

మారుపేరు పిరికితనం కాదు, కొందరికి అదే కవచం. అయితే దాన్ని మొదటి రోజు నుంచీ పాటించాలి. సొంత పేరుతో ఉన్న మెయిల్ మీద మారుపేరు బ్లాగు తెరిస్తే రహస్యం ఎన్నాళ్లో నిలవదు. ఫోన్‌తో తీసిన ఫొటోలో తీసిన చోటు వివరాలు దాగి ఉండవచ్చు. వాటిని తీసేసి పెట్టాలి. పిల్లల బడి పేరు, ఇంటి ముందు నిలబడిన ఫొటో, ఊళ్లో లేని రోజుల కబుర్లు వెంటనే పెట్టకూడదు. డొమైన్ నమోదులో ఇచ్చిన పేరు, చిరునామా బయటికి కనిపిస్తాయో లేదో కొనేముందే అడగాలి. మారుపేరు పాఠకుల నుంచి దాచగలదు గానీ కోర్టు ఆదేశం నుంచి కాదన్న ఎరుక కూడా ఉండాలి.

రాసినవారి తర్వాత

బ్లాగులు రాసిన తొలి తరంలో కొందరు ఇప్పుడు లేరు. వారి పేజీలు ఇంకా తెరుచుకుంటున్నాయి, వ్యాఖ్యలకు జవాబులు మాత్రం రావు. రెండేళ్లపాటు ఒక్కసారైనా తెరవని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023లో ప్రకటించింది. అంటే బ్లాగు ఆయుష్షు మెయిల్ ఖాతాతో ముడిపడి ఉంది. దీనికి విరుగుడు కూడా అక్కడే ఉంది. ఖాతా ఇన్ని నెలలు కదలకపోతే ఫలానా వారికి సమాచారం అందించాలని ముందే రాసిపెట్టే సదుపాయం 2013 నుంచీ ఉంది. కొడుకో, కూతురో, నమ్మకమైన స్నేహితుడో, ఒక పేరు రాయడానికి అయిదు నిమిషాలు చాలు. డొమైన్ ఎక్కడ కొన్నదీ, గడువు ఎప్పుడన్నదీ ఇంటి కాగితాల మధ్య ఒక చీటీ ఉండాలి.

నిలబడిన ఉదాహరణలు లేకపోలేదు. అమెరికా తెలుగువారు 1998లో మొదలుపెట్టిన ఈమాట పత్రిక సొంత చిరునామాలో కొనసాగుతోంది. ఆ పాత సంచికలు ఈ రోజుకీ ఒక్క నొక్కుతో తెరుచుకుంటాయి. ఆ తర్వాత వచ్చిన ఆర్కుట్, గూగుల్ ప్లస్ పుట్టి పోయాయి. తేడా డబ్బులో లేదు. పేరు తమ చేతిలో ఉంచుకోవడంలో, పాతవాటిని కనిపెట్టుకుని ఉండటంలో ఉంది.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టడమే కష్టమనుకున్న రోజుల మాట అది. వెబ్‌లో కట్టడం తేలిక, ఏటా సున్నం వేయడమే కష్టం. మూడు నెలలకోసారి ఒక ఆదివారం పూట నకలు తీసి, గడువు తేదీ చూసి, తాళాలు సరిచూసుకునేవారి రాతలు వారి మనవల దాకా చేరతాయి.